ముంజికాయల బండి



వేసవి వచ్చిందంటే మా బెజవాడ గవర్నర్‌పేటలో తాటిముంజలకు కరువుండదు. అలంకార్ సెంటర్ వైపు వెళ్ళినా, ఏలూరు రోడ్డు మీదికి వచ్చినా గెలలు గుట్టగా పోసుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. బేరం కుదరగానే కాయ చెక్కి, ముంజలు తీసి, కవర్లో వేసి చేతికిస్తారు. ఇంటికి తెచ్చుకుని పొట్టు తీసుకుని తినడమే మన పని. మా మనవడు నాలుగో తరగతి. వాడికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ముంజలంటే కవర్లో వచ్చేవే. వాటికి ఒక కాయ ఉంటుందని, ఆ కాయకు మూడు కళ్ళుంటాయని వాడికి తెలీదు. కిందటి వేసవిలో ఒకరోజు వాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళి, "పైన మాత్రం కోసివ్వమ్మా, వేలు పెట్టి తీసుకుని తింటాడు" అన్నాను.

"బాబు చొక్కా పాడైపోద్ది మామ్మగారూ, నీళ్ళు చిమ్ముతాయి. ఒలిచిస్తాను, పట్టుకుపోండి" అంది ఆవిడ.

"పాడైతే ఉతుక్కుందాంలే. ఆ డొక్కలతో బండి చేసుకోవాలి వాడు."

బండి అన్నమాట వినగానే ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. కోస్తున్న కాయ పక్కన పెట్టి, గుట్టంతా కలియబెట్టి రెండు కాయలు ఏరింది. "రెండూ సమానంగా ఉండాల బాబూ. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయ్యిందనుకో, బండి చిన్నదాని వైపుకి లాగేసుద్ది" అని వాడి చేతుల్లో పెట్టింది.

నేను ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషిని. ఆ మాట విని నిలబడిపోయాను. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉన్నప్పుడు రెండూ ఒకేసారి తిరగాలి. ఒక్క చుట్టులో పెద్ద చక్రం ఎక్కువ దూరం పోతుంది, చిన్నది తక్కువ దూరం పోతుంది. అందుకని బండి చిన్నదాని వైపుకు తిరిగిపోతుంది. ఇది నేను బోర్డు మీద బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి చెప్పాల్సిన పాఠం. ఆవిడ చిన్నప్పుడు పొలం గట్ల మీద బండి తోలుకుంటూ నేర్చుకుంది. మా వాడి తరానికి అందేలా ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఆ మధ్యాహ్నం డాబా మీద బండి తయారైంది. తయారైందంటే అంత తేలిగ్గా కాలేదు. మొదటి కాయకు వాడు బెజ్జం పక్కకు పొడిచాడు. తోస్తే చక్రం కుంటి కుందేలులా ఎగిరెగిరి పడింది. రెండోసారి బెజ్జం నడిమధ్యకు వచ్చింది కానీ పంగలకర్ర ఇరుకైంది, ఇరుసు దాంట్లో తిరగలేదు, కాయలు నేల మీద ఈడ్చుకుపోయాయి. వాడు నా వైపు చూశాడు. చెప్పెయ్యాలని నా నోరు ఎంత దురద పెట్టిందో మీకు చెప్పలేను. చెప్పలేదు. చీకటి పడేవేళకు పంగను చాకుతో గీకి వెడల్పు చేసుకుని, ఇరుసుకు కొబ్బరినూనె కూడా రాసుకున్నాడు. నూనె సంగతి వాడికి ఎవరు చెప్పారో నాకు తెలీదు. వంటింట్లో తలుపు బందులకు వాళ్ళమ్మ రాస్తుంటే చూసి ఉంటాడు.

ఆ ఒక్క మధ్యాహ్నానికి నాలుగు గోడలు కట్టి, పైకప్పు వేసి, ఊళ్ళో పిల్లలందరికీ తలుపు తెరిచి పెడితే దాన్నే బాలల మ్యూజియం అంటారు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మ్యూజియం అనగానే మనకు గుర్తొచ్చేది అద్దాల పెట్టెలు, "తాకరాదు" అని రాసిన చీటీలు. మనకు దగ్గర్లోనే ఉంది బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం. పాతతరం వాళ్ళం ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటాం. 1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో పునాది వేసిన భవనం అది. బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. అక్కడి అల్లూరు బుద్ధుణ్ణి తాకనివ్వకపోవడమే న్యాయం. పదిహేను వందల ఏళ్ళు దాటిన రాతిని రోజూ వెయ్యి చేతులు తడిమితే రేపటి పిల్లలకు ఏం మిగులుతుంది? అలాంటి మ్యూజియం ఉండాలి, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలి. కాకపోతే ఎనిమిదేళ్ళ పిల్లాడికి కళ్ళు వేళ్ళ చివర ఉంటాయి. వాడికి ఇంకో ఇల్లు కూడా కావాలి.

ఆ ఇంకో ఇల్లు మొదటిసారి అమెరికాలోని బ్రూక్లిన్‌లో 1899లో వెలిసింది. పిల్లల కోసమే పెట్టిన మ్యూజియాల్లో అది మొదటిది. తర్వాత 1913లో బోస్టన్‌లో ఒకటి వచ్చింది. ఆ బోస్టన్ మ్యూజియానికి 1962లో మైకేల్ స్పాక్ అనే యువకుడు డైరెక్టరయ్యాడు. పిల్లల పెంపకం మీద పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డాక్టర్ బెంజమిన్ స్పాక్‌కు కొడుకు ఈయన. చిన్నతనంలో అక్షరాలు కూడబలుక్కుని చదవడానికి నానా యాతన పడ్డవాడు. పుస్తకంలో అందనిది మ్యూజియంలో వస్తువుల ముందు నిలబడితే అందడం తన ఒంటి మీదే చూసుకున్నాడు. డైరెక్టరయ్యాక వస్తువుల్ని అద్దాల పెట్టెల్లోంచి బయటికి తెచ్చాడు. "లోపల ఏముంది?" అని ఒక ప్రదర్శన పెట్టాడు. రొట్టె కాల్చే టోస్టరు దగ్గర్నుంచి ఆడుకునే బంతి దాకా మధ్యకు కోసి, లోపల ఏముందో చూపించాడు. వీధిని కూడా అలాగే చూపించాడు, పిల్లలు మ్యాన్‌హోల్‌లోకి దిగి రోడ్డు కింద ఏం పోతోందో చూసుకునేవాళ్ళు.

మన ఇళ్ళల్లో ఎన్ని వస్తువులు ఇలా కోసి చూపించమని అడుగుతున్నాయో ఆలోచించండి. కుళాయి, గ్యాస్ లైటరు, మిక్సీ, డాబా మీద ట్యాంకులో తేలే బంతి. నీళ్ళు నిండగానే ఆ బంతి తనంతట తానే కుళాయి ఎలా కట్టేస్తుందో ఈ ఊళ్ళో ఎంతమంది పిల్లలు చూసి ఉంటారు?

ఇంకొకాయన గురించి కాస్త ఎక్కువ చెప్పాలనుంది. అణుబాంబు తయారీకి సారథ్యం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన తమ్ముడు ఫ్రాంక్ కూడా గొప్ప భౌతిక శాస్త్రవేత్తే. రాజకీయాల కారణంగా 1949లో విశ్వవిద్యాలయం ఉద్యోగం పోయింది. చాలా ఏళ్ళపాటు ఏ విశ్వవిద్యాలయమూ పిలవలేదు. కొలరాడో కొండల్లో పశువుల్ని పెంచుకుంటూ దాదాపు పదేళ్ళు గడిపాడు. ఆ తర్వాత అక్కడి చిన్న ఊళ్ళో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పే పని దొరికింది. పరికరాలు లేవు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళేవాడు. పాత మోటార్లు, విరిగిన యంత్రాలు ఏరుకొచ్చి విప్పేవాళ్ళు. భౌతికశాస్త్రం అక్కడే చెప్పాడు. ఆయనే 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే మ్యూజియం తెరిచాడు. అద్దాలు, నీళ్ళు, ఇసుక, గాలి, నీడలు, ప్రతిదీ పిల్లలు చేత్తో తిప్పి చూసేదే. వస్తువులు తయారుచేసే వర్క్‌షాపును తలుపుల వెనక దాచకుండా జనం మధ్యనే పెట్టించాడు. రంపం పొట్టు రాలుతుంటే పిల్లలు నిలబడి చూస్తారు. మ్యూజియంలో ఎవరూ ఫెయిలవ్వరు అని ఆయన పదేపదే అనేవాడు. పరీక్షల సంవత్సరంలో ఇళ్ళల్లో పిల్లల ముఖాలు చూస్తున్న మన బెజవాడ వాళ్ళకు ఆ మాట ఎంత ముఖ్యమో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దేశంలోనూ ఈ దారి కొత్తది కాదు. ఢిల్లీలో బాలభవన్ 1956లో మొదలైంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ 1966 నుంచి ఉంది. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో వచ్చింది. తిరుమల వెళ్ళినప్పుడు ఒక పూట మిగుల్చుకుని పిల్లలకు చూపించండి. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్ళ ఆవరణ ఉంది. రామ్‌జీ రాఘవన్ 1999లో ప్రారంభించిన సంస్థ అది. 172 ఎకరాల రాళ్ళ నేల, దాని మీద పెంచిన చెట్లు, వాటి మధ్య ప్రయోగశాలలు. అక్కడికి రాలేని పల్లెటూరి బడులకు వ్యాన్లలో పరికరాలు వేసుకుని వాళ్ళే వెళతారు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ముందుగా నేర్చుకున్న పిల్లలే తోటి పిల్లలకు చేసి చూపిస్తారు. పెద్దవాళ్ళు చెబితే తలూపే పిల్లాడు తన ఈడువాడు చెబితే "ఏదీ, మళ్ళీ చెయ్యి" అంటాడు. ఆ "మళ్ళీ చెయ్యి" అన్నమాట కోసమే కదా ఇదంతా.

పిల్లల చేతికే పని ఇవ్వాలన్న సంగతి రేడియోకు కూడా బాగా తెలుసు. మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, మన రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, పిల్లల్ని మైకు ముందుకు తెచ్చారు. పిల్లలకు కథలు వినిపించి ఊరుకోలేదు, పిల్లల చేతే పాడించారు, నాటకాలు ఆడించారు. మైకు కూడా ఒక పరికరమే. పిల్లాడి చేతికిస్తే వాడు దాంతో నేర్చుకుంటాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. చెప్పడానికి కష్టంగానే ఉంది. నేను పనిచేసిన ఒక బడిలో సైన్సు బీరువా ఉండేది. కటకాలు, అయస్కాంతాలు, గాజు గొట్టాలు, ఒక చిన్న ఆవిరి యంత్రం బొమ్మ. ఏదైనా పగిలితే స్టాకు రిజిస్టరులో రాయాలి, సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ భయంతో బీరువా తాళం తీయడానికే వెనకాడేవాళ్ళం. తీసినరోజు కూడా వస్తువును నేనే పట్టుకుని, తరగతి ముందు నిలబడి, అందరికీ కనిపించేలా పైకెత్తి చూపించేదాన్ని. ఆఖరి బెంచీలో కూర్చున్న పిల్లలకు అయస్కాంతం ఒక ఎర్రని గీతలా కనిపించి ఉంటుంది. రెండు అయస్కాంతాలు ఒకదాన్నొకటి తోసేసుకుంటున్నప్పుడు వేళ్ళ మధ్య ఆ మెత్తని మొండితనం ఉంటుందే, అది వాళ్ళకు నేను ఇవ్వలేదు. ఇవ్వగలిగి ఉండీ ఇవ్వలేదు. ఆవిరి యంత్రం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

మరి తెలుగు ఇళ్ళల్లో బాలల మ్యూజియం లేదా అంటే, ఉంది. సంక్రాంతికి పెట్టే బొమ్మలకొలువు. పైమెట్ల మీద దేవుళ్ళు, అమ్మమ్మల నాటి బొమ్మలు, కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు. వాటిని చిన్నపిల్లలు ముట్టుకోకూడదు. కానీ కింద నేల మీద ఒక ఊరు కడతారు చూడండి, అది పూర్తిగా పిల్లలది. ఇసుక పోసి రోడ్డు వేస్తారు, అద్దం ముక్క పెట్టి చెరువంటారు, పళ్ళెంలో మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లి పొలమంటారు. పండగ రోజుకు మొలకలు ఇంత ఎత్తు ఉండాలంటే ఎన్నిరోజుల ముందు చల్లాలో మా ఇంట్లో ఆడపిల్లలకు కంఠతా వచ్చు. ఎవరూ పాఠం చెప్పలేదు. ఒక ఏడాది ఆలస్యంగా చల్లితే పండగనాటికి పొలం బోడిగా మిగిలింది. మరుసటి ఏడాది మళ్ళీ ఆ పొరపాటు జరగలేదు. బాలల మ్యూజియం కావాలంటే మనం ఎక్కడినుంచో అరువు తెచ్చుకోనక్కర్లేదు, ఆ నేల మీది ఊరిని ఏడాది పొడుగునా ఉంచితే చాలు.

ఆ కొండపల్లి బొమ్మల సంగతే తీసుకోండి. మనకు ఇరవై పాతిక కిలోమీటర్ల దూరం. పిల్లలు బొమ్మను కొట్లో చూస్తారు, తయారీని చూడరు. తెల్లపొణికి కర్ర ఎంత తేలికో చేతిలోకి తీసుకుంటే గానీ తెలీదు. ఏనుగు ఒళ్ళు ఒక ముక్క, తొండం ఒక ముక్క, కాళ్ళు వేరేవేరేగా చెక్కి, చింతపిక్కల పొడిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. ఆ మక్కు ముద్ద ఒక గంట పిల్లల చేతుల్లో పెట్టిస్తే ఎన్ని ప్రశ్నలు వస్తాయో! చింతపిక్క ఎందుకు అంటుకుంటుంది? ఎంత నీళ్ళు పొయ్యాలి? పొట్టు ఎక్కువైతే ఏమవుతుంది? జవాబు చెప్పనక్కర్లేదు. ఇంకో ముద్ద కలపనిస్తే చాలు.

లేకపోతే ఈ రాత్రికే మీ ఇంట్లో ఒకటి చేయించండి. అరవింద్ గుప్తాగారని, కాన్పూరు ఐఐటీలో చదివిన ఇంజనీరు. 1978 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో పల్లె పిల్లలతో పనిచేస్తూ ఈ ఆట కనిపెట్టారు. సైకిల్ వాల్వు ట్యూబు చిన్న చిన్న ముక్కలు కోసి, వాటిని కీళ్ళుగా పెట్టి అగ్గిపుల్లలు కలపడం. అగ్గిపుల్లల మందు గీకేసి ఇవ్వండి. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టమనండి. వేలితో నొక్కితే పక్కకు వాలిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం కట్టమనండి. ఎంత నొక్కినా కదలదు. తర్వాత ఒకరోజు పిల్లల్ని కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్ళి రైలు వంతెన ఇనుప గడ్డర్లు చూపించండి. మీరేమీ అనకండి. "అన్నీ త్రిభుజాలే!" అని వాళ్ళే అరుస్తారు. మా వాడు అరిచాడు.

కృష్ణ పేరు వచ్చింది కాబట్టి, నా మనసులో ఉన్న అసలు సంగతికి వస్తాను.

2024 సెప్టెంబరు మొదటి రోజులు ఈ ఊరు మరచిపోదు. అటు బుడమేరు వరద సింగ్‌నగర్ మీద పడింది, ఇటు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంట్లో అందరం రేడియో ముందూ టీవీ ముందూ కూర్చున్నాం. ఆ రెండుమూడు రోజుల్లో మా వాడు ఆ మాట కొన్ని వందలసార్లు విని ఉంటాడు. "అమ్మమ్మా, క్యూసెక్కు అంటే ఎంత?" అన్నాడు.

నేను నోరు తెరిచి, సెకనుకు ఒక ఘనపుటడుగు అని చెప్పబోయి ఆగాను. ఊరు తేరుకున్నాక, ఒక ఆదివారం ఇద్దరం డాబా ఎక్కాం. పొడుగు, వెడల్పు, ఎత్తు అన్నీ అడుగు చొప్పున ఉండే పెట్టెలో ఎన్ని నీళ్ళు పడతాయి? 28 లీటర్ల పైచిలుకు. పెయింటువాళ్ళు వదిలేసిన 20 లీటర్ల బకెట్టు ఒకటి నింపాం. ఇంకో బకెట్లో ఎనిమిది లీటర్లు కొలిచి పోశాం. పెద్దది ఎత్తబోయాడు, లేవలేదు. లీటరు నీళ్ళు కిలో బరువని వాడికి తెలుసు. కింద మందుల షాపులో బరువు చూసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. 28 కిలోలు! "అమ్మమ్మా, క్యూసెక్కు అంటే నేనే!" అన్నాడు.

నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత మంచి నిర్వచనం వినలేదు. ఒక సెకనుకు వాడంత బరువు నీళ్ళు గడప దాటితే అది క్యూసెక్కు. రెండు బకెట్లూ ఒక్క సెకనులో ఒలకబొయ్యాలని తర్వాత గంటసేపు కుస్తీ పట్టాం. "ఒకటి" అనేలోగా అయిపోవాలి. కింద వాటా వాళ్ళు పైకొచ్చి ఏం జరుగుతోందని అడిగి, వాళ్ళూ ఒక బకెట్టు పట్టారు.

మా పేటలో ఒక పాత భవనంలో ఒక పెద్ద గది దొరికితే నేను మొదట పెట్టించేది ఈ అడుగు పెట్టె. దాని పక్కన పొడుగాటి ఇసుక బల్ల. పైనుంచి నీళ్ళు వదిలితే పిల్లలు అడ్డుకట్ట వేసి, తూములు పెట్టి, కాలవలు తీయాలి. చివరి పొలానికి నీరందకపోతే ఎందుకందలేదో వాళ్ళే వెతుక్కోవాలి. డెల్టా రైతు ఏటా పడే అవస్థ అదే. పక్కన ఒక లాకు, గేట్లు మూసీ తెరిచీ కాగితం పడవను పై మట్టానికి ఎక్కించేది. 1855 నాటి ఆనకట్ట, 1957 నాటి బ్యారేజీ, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వీటి మధ్యన పుట్టి పెరిగే పిల్లలకు నీళ్ళు ఎటు పోతాయో, ఎందుకు పోతాయో చేతులు తడుపుకుని తెలుసుకునే చోటు ఒకటి ఉండొద్దా? కాలవల మీద వంతెనలు దాటుతూ రోజూ బడికి వెళ్ళే పిల్లలు వీళ్ళు.

ఖర్చు గురించి అడుగుతారు. కట్టడానికయ్యే ఖర్చు కన్నా నిలబెట్టడానికయ్యే ఖర్చే పెద్దది. పిల్లలు తాకే వస్తువు అరుగుతుంది, విరుగుతుంది, పోతుంది. రోజూ బాగుచేసే మనిషి ఉండాలి. ఒక వడ్రంగి, ఒక ఎలక్ట్రీషియను, ఇద్దరు ఓపికగల టీచర్లు. విరిగిన వస్తువును పిల్లల ఎదుటే విప్పి బిగిస్తే అది ఇంకో పాఠం. స్టాకు రిజిస్టరులో "పగిలినది" అన్న గడి పక్కన "పిల్లలు వాడినందున" అని రాసుకునే వీలుండాలి.

పెద్దవాళ్ళం మనం కూడా అక్కడ మసలుకోవడం నేర్చుకోవాలి. పిల్లాడు ఒక దగ్గరే అరగంట నిలబడితే "పద పద, ఇంకా చూడాల్సినవి ఉన్నాయి" అని రెక్క పట్టి లాగుతాం. బయటికి రాగానే "ఏం నేర్చుకున్నావు, చెప్పు" అంటాం. వాడు చెప్పలేడు. బండి బెజ్జం మధ్యకు ఎలా వచ్చిందని ఆవేళ అడిగి ఉంటే మా వాడు కూడా చెప్పలేకపోయేవాడు. వాడి చేతికి తెలుసు, నోటికి ఇంకా తెలీదు. నోటికి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది, కొన్నిటికి కొన్నేళ్ళు పడుతుంది.

మొన్న సాయంత్రం వాణ్ణి బ్యారేజీ మీదికి తీసుకెళ్ళాను. మొత్తం 70 గేట్లు. నీళ్ళు తక్కువగానే ఉన్నాయి, ఒక గేటు కొంచెం ఎత్తి వదులుతున్నారు. వాడు పిట్టగోడకు గడ్డం ఆనించి ఆ తెల్లటి నురగ వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి చాపి వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు, ఆపాడు, మళ్ళీ మొదట్నుంచి మడిచాడు.

"అమ్మమ్మా," అన్నాడు, "ఇందులోంచి సెకనుకి ఎంతమంది నేనులు వెళ్తున్నారంటావ్?"